గడ్డం మీద చుక్క

సముద్రం దాటి వచ్చిన ఆ బొమ్మను చూసి భవానీపూర్ ఆసుపత్రిలో అందరూ ముచ్చటపడ్డారు. అప్పుడే పుట్టిన బిడ్డంత ఉంటుంది. ముక్కూ మూతీ మూసేలా మాస్కు ఆనించి, దానికున్న గాలిసంచి నొక్కితే చిట్టి ఛాతీ పైకి లేస్తుంది. పుట్టగానే ఏడవని బిడ్డకు ఊపిరి అందించడం నేర్పమని వేల్స్‌లోని ఓ ఆసుపత్రి ఆ బొమ్మనూ, గ్వెన్ అనే నర్సునూ రెండు నెలలకు పంపింది. ఆమె వెళ్ళిపోయాక ఇక్కడివాళ్ళకు నేర్పే మనిషి ఒకరుండాలి. ఆ ఒకరు తానే కావాలని నర్సు సుందరి ఆశ. ఆమె తండ్రి గవరయ్య ఖిదిర్‌పూర్ రేవులో మూటలు మోస్తాడు. తల్లి పున్నమ్మ ఈ ఆసుపత్రిలోనే ఆయా. బొమ్మను భద్రంగా చూసే పని సుందరిదే.

ఆ ఒకరిని ఎంచే పరీక్ష శుక్రవారం. ఆ పొద్దున్నే బీరువా తీస్తే బొమ్మ గడ్డం మీద మినపగింజంత నల్లచుక్క. నిన్న సాయంత్రం ఆ పాఠాల గది తుడిచింది పున్నమ్మ. సుందరి సబ్బు పెట్టింది, స్పిరిటు పెట్టింది. ఆముదపు కాటుక రబ్బరులోకి ఇంకిపోయింది.

వరండాలో తల్లిని నిలదీసింది.

"రబ్బరు బొమ్మకి దిష్టేటమ్మా?"

"గుండె లెగుస్తంది కదే," అంది పున్నమ్మ నెమ్మదిగా. "అందరూ ముద్దుగుంది, ముద్దుగుంది అంటన్నారు. సూడలేక ఎట్టినాను."

పుట్టి ఏడవకుండానే పోయిన సుందరి తమ్ముడి మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు.

సుందరి దాచకుండా తానే గ్వెన్‌కు చెప్పింది. తప్పు తనదని పున్నమ్మ గుమ్మం బయటినుంచే వచ్చీరాని బెంగాలీలో చెప్పుకుంటే, ఒక నర్సు దాన్ని ఇంగ్లీషులో వినిపించింది. ఆయాలకు ఆ గదిలో తుడిచే పనే గానీ పాఠం లేదు. గ్వెన్ ముఖం ముడుచుకుని, పరీక్ష మొదలుపెట్టమంది.

ముందు ముగ్గురు నర్సులు నొక్కారు. ఛాతీ సరిగా లేవలేదు. సుందరి చూస్తూనే ఉంది. ముగ్గురు నొక్కినప్పుడూ మాస్కు అంచు కింద చుక్క తొంగిచూస్తోంది. తన వంతు రాగానే చుక్క మీదుగా మాస్కు దించి, గట్టిగా ఆనించి నొక్కింది. ఛాతీ నిండుగా లేచింది. చుక్క కనబడితే గాలి బయటికి పోతున్నట్టేనని మిగిలినవాళ్ళకు చెప్పింది. వాళ్ళూ మళ్ళీ నొక్కారు. లేచింది.

గ్వెన్ వంగి ఆ గడ్డాన్ని చాలాసేపు చూసింది. తనతో తెచ్చి ఇంకా వాడని రెండో బొమ్మను పెట్టెలోంచి తీసి బల్ల మీద పెట్టి, దీనికీ అక్కడే చుక్క పెడుతుందేమో మీ అమ్మను అడగమంది. ఇకనుంచి పాఠం నువ్వే చెప్పాలని కూడా అంది.

సుందరి గుమ్మం దాకా వెళ్ళి తల్లి చేయి పట్టుకుంది. చిటికెన వేలికి ఇంకా నలుపు ఉంది.

"లోపలికి రా అమ్మా. మొదటి పాఠం నీకే."

పున్నమ్మ చీర కొంగుకు చేతులు తుడుచుకుని, మాస్కు పట్టుకుని, చుక్కను కప్పింది. సంచి నొక్కింది.

చిట్టి ఛాతీ లేచింది. ఆమె నొక్కుతూనే ఉంది. చాలని ఎవరూ అనలేదు.