పన్నెండు కప్పులు

నేను ఒక ఫ్లాస్కును. సరిగ్గా పన్నెండు కప్పుల టీ పట్టే పాతకాలపు సరుకును. నాలో రెండు గాజు గోడలు, వాటి నడుమ శూన్యం. ఆ శూన్యం వల్లనే వేడి నిలుస్తుంది. లోపలి శూన్యాన్ని ఇంత ప్రయోజనకరంగా వినియోగించుకున్న మనుషులను నేను అరుదుగా చూశాను.

కర్మాగారం నుంచి ఒక రైల్వే గార్డుకు, ఆయన నుంచి పోస్టుమాస్టరు కామేశ్వరరావు గారికి చేరాను. మద్యం మానిన తరువాత ఆయన నన్ను కాకినాడలోని తమ సంఘానికి ఇచ్చివేశారు. ప్రతి గురువారం సాయంత్రం ఒక చర్చి వెనుక గదిలో, తాగుడు మానదలచిన పన్నెండుమంది కూర్చుని తమ సంగతులు చెప్పుకొంటారు. అక్కడొక ఆచారం: అందరికంటే కొత్తగా చేరినవాడు నన్ను ఇంటికి తీసుకుపోయి, ప్రతివారం టీ నింపి తేవాలి.

"మానెయ్యమని ఎవరికీ చెప్పమమ్మా. గురువారం టీ తెమ్మంటాం, అంతే," అన్నారు కామేశ్వరరావు గారు, ఇటువంటి సంఘాలపై పరిశోధన చేస్తున్న హెప్సిబా గారితో. ఆమె శ్రద్ధగా విన్నారు. తన ప్రశ్నాపత్రంలో ఏ గడిలో రాయాలో మాత్రం తోచినట్లు లేదు.

ఆ ఆచారం ప్రకారం, కొత్తగా చేరిన లేతు మిషను పనివాడు అబ్బులు చేతికి వచ్చాను. అప్పటికి అతడు మాని పంతొమ్మిది రోజులు. భార్య నూకరత్నం టీ పోసే ముందు నా మూత తీసి వాసన చూసేది. నేను తిరిగి వచ్చాక మళ్లీ చూసేది. ఆమెను తప్పుపట్టను. మునుపు కొబ్బరినూనె సీసాలోనూ ఆమెకు మందు దొరికింది. ఆ సీసాను పారవేయక, గూటిలో అందరికీ కనబడేటట్లు నిలబెట్టింది.

"ఇందులో గాని వాసనొచ్చిందో, పిల్లని తీసుకుని మా అమ్మగారింటికి పోతాను. మళ్లీ రాను," అన్నది.

నాటి నుంచి నా కడుపులో ఏమి పడుతుందోనన్న భయం నన్ను వదలలేదు.

మూడవ గురువారం అబ్బులు సైకిలు మద్యం దుకాణం ముందు ఆగింది. పాత స్నేహితుడొకడు ఎదురు వచ్చాడు.

"ఏరా, ఫ్లాస్కట్టుకుని బయల్దేరావు, ఎవరికిరా పురుడు? ఇలా తే, అందులో ఓ క్వార్టర్ పోయిస్తాను. మీ ఆవిడకేం తెలుస్తుంది?"

అబ్బులు నవ్వలేదు. నా మూత తిప్పాడు. టీ పారబోస్తాడనుకున్నాను. అతడు మూతలోకి ఒక కప్పు వంచుకుని, నోరు కాలుతున్నా గటగటా తాగాడు. మరొకటి వంచుకుని అదీ తాగాడు. సైకిలెక్కాడు.

గదిలో పది కప్పులకే నేను ఖాళీ అయ్యాను.

"ఏమయ్యా, రెండు తగ్గాయేం?" కామేశ్వరరావు గారు తన ఖాళీ కప్పు చూపారు.

అబ్బులు తల వంచుకున్నాడు. "షాపు ముందర ఆగేనండి. ఆ రెండూ నేనే తాగేశాను. టీయేనండి."

"అయితే నా కప్పు మంచిచోటే ఖర్చయిందన్నమాట," అన్నారాయన. గది గొల్లున నవ్వింది. మూలన కూర్చున్న హెప్సిబా గారు కలం మూసి, తాను సభ్యురాలు కాకపోయినా చప్పట్లు కొట్టారు.

ఇంటికి రాగానే నూకరత్నం వాసన చూసింది. ఆమె అడగకుండానే అబ్బులు దుకాణం ముందు ఆగిన సంగతి చెప్పాడు. ఆమె నన్ను కడిగి, గూటిలో ఆ సీసా పక్కన బోర్లించింది.

మరుసటి గురువారం గూటిలోని కొబ్బరినూనె సీసాను కుంకుడు రసంతో కడిగి, రెండు కప్పుల టీ పోసి, అతడి సంచిలో పెట్టింది. "ఇది దారికి," అన్నది.

నన్ను నింపే ముందు వాసన చూడటం మాత్రం నేటికీ మానలేదు. నా భయమూ పోలేదు. కాకపోతే, దారిలో ఆ భయంలో సగం ఆ సీసా మోస్తున్నది.