నుగ్జార్ సమాధి మీద ఎన్నికల విందు

జార్జియాలో మా కుతాయిసి ఊళ్ళో ఈస్టర్ మరునాడు చనిపోయినవాళ్ళ దగ్గరికి వెళ్తాం. మంజిష్ఠ వేరుతో ఎర్రగా ఉడికించిన గుడ్డును సమాధి మీద దొర్లించి, కాస్త వైన్ మట్టిలో పోసి, మిగిలింది అక్కడే కూర్చుని తాగుతాం. నా తమ్ముడు నుగ్జార్ దగ్గరికి ఏటా నేనూ, అతని భార్య అసీదా వెళ్ళేవాళ్ళం. అసీదా అబ్ఖాజ్ స్త్రీ. మేము ఎవరితో యుద్ధం చేసి ఓడిపోయామో ఆ జాతి మనిషి. యాస పట్టిస్తుందని ఆమె సంతలో కూడా వేలితో చూపించి కూరలు కొంటుంది. ఏడాదికొక్కసారి ఆ రాతిపలక ముందు మాత్రం గొంతు విప్పుతుంది.

ఆ వసంతంలో ‘పితృభూమి కవచం’ పార్టీ నా తమ్ముణ్ణి కనిపెట్టింది. నగరసభలో ఒక్క స్థానమైనా లేని పార్టీ అది. జెండాలున్నాయి, అభ్యర్థులున్నారు, అమరవీరుడే కొరత. నాయకుడు జుంబెర్ ఒకప్పుడు నా దగ్గర చరిత్ర చదివాడు, చదివాడనడం మర్యాదకు. యుద్ధమంతా మేనమామ బేకరీలో పిండి బస్తాల వెనక గడిపాడు. ఈస్టర్ మరునాడే నుగ్జార్ సమాధి దగ్గర ఎన్నికల ప్రచారం మొదలుపెడతామని చెప్పడానికి కేకు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

“వద్దు. ఆ రోజు అసీదా వస్తుంది,” అన్నాను.

“రానివ్వండి టీచర్! మేమేమన్నా కరుస్తామా?”

“వాడు మీరనుకున్నట్టు చావలేదు, జుంబెర్. వాడి అత్తగారి ఇల్లు దోచుకోడానికి వచ్చింది మన దళం వాళ్ళే. గుమ్మానికి అడ్డం నిలబడితే కాల్చేశారు.”

“అబ్బ, ఇన్నేళ్ళ తరవాత అవన్నీ ఎందుకండీ? అయినా శ్మశానం మునిసిపాలిటీది, మీ పెరడు కాదుగా!”

అన్నట్టే వచ్చారు. సమాధి పక్కన పొడవాటి బల్ల వేశారు. విందు పెద్ద జుంబెరే. విందు పెద్ద గ్లాసెత్తి మాట్లాడుతుంటే అడ్డు రావడం మాలో మహాపరాధం. నుగ్జార్ శత్రువులను గడ్డిలా కోశాడని అతడు చాలాసేపు వర్ణించాడు. అసీదా నా పక్కన గుడ్డును అరచేతిలో తిప్పుతూ నిలబడింది. చివర, అమరుడి అక్కను గౌరవించామని అనిపించుకోవడానికి, జుంబెర్ మాటను నాకు అప్పగించాడు.

“అలావెర్ది, ఎతేరి టీచర్‌కి!”

అలావెర్ది అందుకున్న మనిషి ముగించేదాకా, ఇచ్చినవాడైనా నోరెత్తకూడదు. నేను అంతా చెప్పాను: ఆ ఇల్లు, ఆ గుమ్మం, కాల్చినవాళ్ళు తొడుక్కున్న మన యూనిఫాం, అత్తగారు తన భాషలో అరిస్తే అదే భాషలో ఆమెకు ధైర్యం చెప్పిన నా తమ్ముడి ఆఖరి మాటలు. టోపీలు తీసి, గ్లాసులు పట్టుకుని, ఎవరూ కదలకుండా విన్నారు.

ఒక లావాటి మనిషి కళ్ళు తుడుచుకున్నాడు. “మా అమ్మ మీద ఒట్టు, ఇంత బాగా చెప్పినవాళ్ళని నేను వినలేదు!”

“విన్నారా తమ్ముళ్ళూ?” జుంబెర్ గ్లాసు పైకెత్తాడు. “శత్రువు గడపకి కూడా కాపలా కాశాడు! జార్జియా మగాడంటే అదీ! నుగ్జార్‌కి జయం!”

“జయం!” అని అడుగుదాకా తాగారు. గ్లాసెత్తి చెప్పిన నేరారోపణను వాళ్ళు పొగడ్తగా మింగేశారు.

అంతటితో ఆగలేదు. జుంబెర్ ఒక గ్లాసు నింపి అసీదా చేతిలో పెట్టాడు. “నువ్వూ ఒక్క మాట చెప్పు, వదినా! అలావెర్ది!”

ఫోన్లన్నీ ఆమె ముఖం వైపు తిరిగాయి. ఆమె తాగకుండానే గ్లాసును బల్ల మీద పెట్టేసింది.

“సిగ్గు పడుతోంది పాపం!” ఎవరో అన్నారు. అందరూ ఆప్యాయంగా నవ్వారు.

ఆమె గేటు వైపు నడిచింది. వెనకే వెళ్ళాను.

“వచ్చే ఏడు వాళ్ళకంటే ముందే, తెల్లారకుండానే వచ్చేద్దాం, అసీదా.”

“వద్దు వదినా. తిట్టి ఉంటే వచ్చేదాన్ని. నన్ను కూడా మెచ్చుకున్నారు. ఇంక ఇక్కడ నేనేం మాట్లాడను?”

ఆ ఎన్నికల్లోనూ వాళ్ళకు ఒక్క స్థానం రాలేదు. అయినా ఏటా వస్తారు. రాతిపలకను శుభ్రంగా కడిగి, బల్ల చివర నాకు కుర్చీ వేస్తారు. అసీదా రాదు.