ఒంటబట్టని మేత

చెల్లెలు సంచి సర్దుకుంటోంది. రెండు జతల బట్టలు, దువ్వెన, దుప్పటి. చేపల షెడ్డులో వేసుకునే రబ్బరు చెప్పుల్ని ఎత్తి చూసి మంచం కిందికి తోసేసింది. అక్క గుమ్మంలో నిలబడి చూసింది.

షెడ్డులో గాజు తొట్లు, తొట్టికో చేప. అన్నీ ఒకే తల్లి పిల్లలు. అన్నింటికీ ఒకే కొలత మేత వేసి, ఏది ఎంత పెరిగిందో తూచి చూడటం అక్కాచెల్లెళ్లిద్దరికీ అక్కడి పని. చెల్లెలు చూసే వరసలో ఒకటి మాత్రం ఎండుపుల్లలా ఉండిపోయింది.

"మేతంతా ఎవరి కోళ్లకి పోస్తున్నావే?" అని నెల కిందట అక్క నలుగురిలో అడిగేసింది. నలుగురూ నవ్వారు. చెల్లెలు కొలత గిన్నె కడిగి బోర్లించి బయటికి నడిచింది. వేరే ఊళ్లో పని చూసుకుంది.

ఆ వరస అక్క చేతికొచ్చింది. తానే కొలిచి వేసి, పక్కనే కూర్చుని చూసింది. బక్క చేప ఒక్క పలుకూ మిగల్చలేదు. కానీ నీడ కదిలితే చాలు, ఉలిక్కిపడి ఈ మూల నుంచి ఆ మూలకి దూసుకుపోయేది. పక్క తొట్టిలోది కదలక మెదలక దుక్కలా తయారైంది.

తిన్నదంతా ఎటు పోతోందని, ఆ చేపల మీద పరిశోధన చేసే సారుని అడిగింది.

"మనం చూస్తున్నది అదే కదమ్మా! ఒకదానికి తిన్నది ఒంటబడుతుంది. ఇంకోదానికి బెదురుకే ఖర్చయిపోతుంది. వేసినవాళ్లేం చేస్తారు?"

ఆ మాట చెబుదామనే ఇప్పుడు గుమ్మం దాకా వచ్చింది. లోపలికి మాత్రం అడుగు వెయ్యలేదు.

"ఏంటక్కా, కాపలా కాస్తున్నావా? సంచి వెతుక్కో. ఒక్క మేత పలుకు కూడా లేదు."

"ఛ, ఏం మాటలే అవి!"

చెల్లెలు తలెత్తకుండానే అడిగింది. "నా బక్కది ఎలా ఉంది?"

"కాస్త ఒళ్లు చేసింది," అంది అక్క. అది అబద్ధం; చేప అలాగే ఉంది.

"మరి, నీ చేతి మేత కదా!"

జిప్పు మధ్యలో పట్టేసింది. అక్క వంగి సంచి అదిమిపట్టింది. ఇద్దరి వేళ్లూ తగిలాయి. చెప్పాలంటే అదే అదను.

"నీళ్ల సీసా పెట్టుకున్నావా?" అంది.

"పెట్టుకున్నా."

బస్సు కిటికీలోంచి చెల్లెలు చెయ్యూపింది. అక్క చెయ్యి లేవలేదు.

చెల్లెలు తిరిగి రాలేదు. మరుసటి వానాకాలంలో, వెళ్లిన ఊళ్లోనే, జ్వరంతో పోయింది.