విడి పొర మీద ఓస్మో

పొద్దున తొమ్మిది కాగానే కైసు కాఫీ పెట్టుకుని, వంటింటి బల్ల మీద తన బొమ్మల పలక తెరిచేది. పెన్నుతో రాస్తే రంగులు పలికే తెర అది. పన్నెండేళ్లుగా దాని మీదే ఆమె బతుకు. ఔలు నగరంలో ఉన్న ఒక కంప్యూటర్ ఆటల కంపెనీకి గదులు, సంతలు, రేవులు, అడవులు గీసి పంపేది. అన్నీ ఖాళీవే. మనుషుల్ని గీసేవాళ్లు వేరే ఊళ్లలో ఉండేవాళ్లు. వాళ్లు గీసిన మనిషిని తెచ్చి కైసు గది మీద విడి పొరగా పరిచేవాళ్లు. మనిషిని ఎప్పుడూ విడి పొర మీదే ఉంచాలని ఆ పనిలో చేరినవాళ్లకి మొదటిరోజే నేర్పుతారు. కొనేవాళ్లు పక్కకి జరపమంటే జరపొచ్చు, తీసెయ్యమంటే తీసెయ్యొచ్చు, గదికి ఏమీ కాదు.

పదింటికి అన్న ఓస్మో వచ్చేవాడు. గుమ్మం దగ్గర బూట్లు విప్పి, కిటికీ పక్క కుర్చీలో కూలబడి, "ఇవాళ ఎవరి కొంప గీస్తున్నావే?" అనేవాడు. బల్ల మీద వేలాడే దీపపు పసుపు వెలుతురు కాఫీ కప్పు మీద పడేది, రై రొట్టె మీద పడేది, కైసు చేతుల మీద పడేది. ఓస్మో మీద మాత్రం పడేది కాదు. కుర్చీ నీడ నేల మీద ఉండేది, అందులో కూర్చున్న మనిషి నీడ ఉండేది కాదు. ఎక్కడో వేరే ఫోటోలోంచి కత్తిరించి అంటించినట్టు కూర్చుని, చెల్లెలు వెన్న రాసిచ్చిన రొట్టె నెమ్మదిగా తినేవాడు.

ఆ ఊళ్లో ఇది వింతేమీ కాదు. సముద్రపు ఒడ్డున ఉన్న కాగితం మిల్లు మూతపడ్డ ఏడాది అందులో పనిచేసిన పద్నాలుగు మందికి ఇలాగే మొదలైంది. ముందు వెలుతురు అంటడం మానేస్తుంది. తర్వాత నీడ పోతుంది, ఆ తర్వాత మంచు మీద అడుగులు పడవు. ఆపైన ఒక పొద్దున మనిషే ఉండడు. అప్పటికి తొమ్మిదిమంది పోయారు, వాళ్ల ఇళ్లలో వేరేవాళ్లు దిగారు. మిగిలిన ఐదుగురి దగ్గరికి ఆరోగ్య కేంద్రం నుంచి నర్సు సిర్పా నెలకోసారి టార్చిలైటు పట్టుకుని వెళ్లేది. గోడ ముందు నిలబెట్టి, లైటు వేసి చూసి, బీపీ రాసుకున్నట్టే రాసుకునేది. దీనికి మందు లేదని మొదట్లోనే చెప్పేసింది. లేని ఆశ పెట్టడం సిర్పాకి చేతకాదు.

ఓస్మో మిల్లులో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాడు. కాగితం చుట్టల యంత్రం దగ్గర అతని గొంతు యంత్రం కంటే పెద్దగా వినిపించేదని చెప్పుకునేవాళ్లు. డ్యూటీ దిగి మిల్లువాళ్లిచ్చిన నారింజరంగు కోటుతోనే చెల్లెలింటికి వచ్చి కూర్చుంటే తెల్ల గోడలు కూడా కాస్త ఎర్రబడేవి. ఆఖరి రోజు గేటు దగ్గర ఆ కోటు అప్పగించమన్నారు, అప్పగించాడు. ఇంటికి నడిచొచ్చే దారిలోనే వెలుతురు తప్పుకోవడం మొదలైందని అతనికి తెలుసు. ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

నవంబరులో మొదటి మంచు పడ్డ మర్నాడు సిర్పా వచ్చింది. టార్చి బయటికి తీయనే లేదు. మెట్ల ముందు మంచులో తన బూట్ల గుర్తులున్నాయి, పొద్దున పేపరు తెచ్చుకోవడానికి వెళ్లిన కైసువి ఉన్నాయి. గంట క్రితం వచ్చిన ఓస్మోవి లేవు. సిర్పా, కైసు ఒకే బడిలో చదువుకున్నవాళ్లు. అందుకే వసారాలోకి పిలిచి, ఉన్నమాట చెప్పింది.

"క్రిస్మస్ దాకా ఉంటే గొప్పేనే. ఏం తినాలనుందో అడిగి వండిపెట్టు."

"చెయ్యగలిగింది ఏమీ లేదా?"

"ఉంటే మా ఆయన్ని పోనిస్తానా?" అంది సిర్పా. ఆ తొమ్మిదిమందిలో ఆమె మొగుడు మూడోవాడు.

అదే వారం కంపెనీ నుంచి రీక్కా ఫోన్ చేసింది. కైసు కంటే పదిహేనేళ్లు చిన్నది, అయినా కైసు పని చూసి సరిదిద్దే పెత్తనం ఆమెదే. ఇకమీదట మనిషినీ చోటునీ ఒకే చేయి, ఒకే బొమ్మగా గీయాలని కంపెనీ నిర్ణయించింది. చేతకానివాళ్లకి కొత్త సంవత్సరం నుంచి పని ఉండదు. పరీక్ష కోసం కైసు ఒక చేపల సంత గీసి, అందులో చేపలమ్మే మనిషిని నిలబెట్టి పంపింది. రీక్కా అది చూసి మళ్లీ ఫోన్ చేసి, చేపలు మాత్రం బాగున్నాయంది.

"మీరు ఇల్లంతా కట్టేసి, తర్వాత మనిషిని అద్దెకి దింపుతున్నారు కైసు గారూ. అలా కాదు. ఇద్దర్నీ ఒకేసారి మొదలుపెట్టండి, ఒకే పొర మీద. గోడ రంగు మనిషి చెంప మీదకి రావాలి. మనిషి రంగు గోడ మీదకి పోవాలి. ఆ రెండోది ఎవరూ చెయ్యరు, అందుకే మనుషులు స్టిక్కర్లలాగ ఉంటారు."

కైసు ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే అన్న వైపు చూసింది. కిటికీ పక్క గోడ నీలం రంగు. ఆ నీలం రవ్వంత కూడా ఓస్మో చెంప మీద లేదు.

మర్నాడు అతన్ని కదలకుండా కూర్చోమంది. ఎందుకో కూడా దాచకుండా చెప్పింది: పరీక్షకి ఇంకో బొమ్మ పంపాలి, గోడ రంగు అతని మీదకి వస్తుందేమో కూడా చూడాలి. ఓస్మో కాసేపు రొట్టె నమిలి, "నన్ను గీస్తే ఎవడు చూస్తాడే? ఆ తలుపు గీసుకో, అది కనీసం నాలాగ దగ్గదు," అన్నాడు. కానీ కూర్చున్నాడు.

మొదటిసారి అలవాటు ఊరుకోలేదు. కైసు మూడు రోజులు వంటిల్లు గీసింది, నాలుగో రోజు విడి పొర మీద అన్నని గీసి దాని మీద పరిచింది. ఏమీ జరగలేదు. తెర మీద ఎలా ఉన్నాడో కుర్చీలోనూ అలాగే ఉన్నాడు, దేనికీ అంటకుండా. కైసు ఆ బొమ్మ మొత్తం చెరిపేసింది.

రెండోసారి తెరంతా ఒకే బూడిదరంగు పూసి, అందులోంచి గోడనీ మనిషినీ కుర్చీనీ కలిపి బయటికి లాగడం మొదలుపెట్టింది. చొక్కా ఎక్కడ అయిపోయి కుర్చీ ఎక్కడ మొదలవుతుందో తేల్చకుండా వదిలేసింది. పన్నెండేళ్లు చేసిన పనికి ఇది పూర్తిగా ఎదురు పని, చెయ్యి మాటిమాటికీ మొరాయించేది. ఐదో రోజు పన్నెండింటికి, దీపపు పసుపు రంగుని పెన్ను ఎత్తకుండా ఒకే గీతగా రొట్టె మీదనుంచి, బల్ల మీదనుంచి, అన్న మణికట్టు మీదకి లాగింది.

కుర్చీలో ఓస్మో చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"వెచ్చగా ఉందే," అన్నాడు.

చెయ్యి మళ్లీ మెల్లగా బల్ల మీదకి చాపాడు. వెలుతురు పడింది. మణికట్టు మీది తెల్ల వెంట్రుకలు మెరిశాయి. ఓస్మో చెయ్యి అటు తిప్పి, ఇటు తిప్పి చూసుకుంటూ ఉండిపోయాడు. కైసుకి ఆశ పుట్టింది. పుట్టకుండా ఉంటే బాగుండేది.

ఆ తర్వాత పది రోజులూ ఆ ఇంట్లో అంతకు ముందు లేని సందడి ఉంది. పొద్దు ఉండేదే నాలుగు గంటలు. ఆ నాలుగు గంటలూ కైసు గీసేది, ఓస్మో వాగేవాడు. గోడ నీలం అతని చెవి వెనక్కి వచ్చింది. కుర్చీ కింద నీడ రెండింతలయింది. వెళ్లేటప్పుడు మంచు మీద మడమ గుర్తులు పడ్డాయి, ఒట్టి మడమలే. కాఫీలో పంచదార వేయమని అడిగాడు. మార్చిలో గడ్డకట్టిన సముద్రం మీద బెజ్జాలు వేసి చేపలు పట్టాలని, బెజ్జాలు తొలిచే బరమాకి సాన పెట్టించాలని అన్నాడు. మార్చి అనే మాట అతని నోట విని ఎన్నాళ్లయిందో కైసు లెక్కపెట్టుకోలేకపోయింది.

డిసెంబరులో సిర్పా వచ్చి టార్చి వేసింది. గోడ మీద పల్చగా నీడ పడింది. ఆమె లైటు ఆర్పి, మళ్లీ వేసింది. తర్వాత వసారాలో బూట్లు వేసుకునే బల్ల మీద కూర్చుండిపోయింది. ఫోటో చూసి గీస్తే సరిపోతుందా అని కైసుని అడిగింది. మనిషి ఎదురుగా కూర్చోవాలని కైసు చెప్పాల్సి వచ్చింది. సిర్పా సరేనని తలూపి, తన కాగితంలో రాసుకోవలసింది రాసుకుని వెళ్లిపోయింది.

రీక్కా చెప్పిన రెండో సగం ఇంకా మిగిలింది. గది రంగు మనిషి మీదకి వచ్చింది, మనిషి రంగు గది మీదకి పోలేదు. నీ రంగేమిటని కైసు అన్నని అడిగింది. 

"కోటు రంగేనే. అది కాక నాకింకేముంది?"

ఆ నారింజరంగు బల్ల అంచు మీద, కప్పు పెదవి మీద, కిటికీ గట్టు మీద, అన్న భుజం వెనక గోడ మీద పడాలి. గోడ అతని చెంపని ఆనుకుని ఉంది. చెంప బాగా కుదిరింది, అంత బాగా కైసు జన్మలో ఏదీ గీయలేదు. పెన్ను ఒక్క వెంట్రుకవాసి జారితే ఆ ముఖం పాడవుతుంది. ఆమెకి భయం వేసింది. భయం వేసినప్పుడు చెయ్యి తనకి తెలిసిన పనే చేస్తుంది. కైసు అన్న చుట్టూ జాగ్రత్తగా గీత గీసి, కత్తిరించి, పైకెత్తి, విడి పొర మీద పెట్టింది. ముఖానికి ఏమీ కాకుండా వెనక గోడ గీసుకోవడానికి ఆ పనిలో ఎవరైనా అదే చేస్తారు.

తర్వాత రెండు గంటలు తల ఎత్తకుండా గీసింది. నారింజరంగు గదంతా పాకింది. నీడ చిక్కబడింది. రెండున్నరకి బయట వెలుతురు పోయింది. పరీక్ష బొమ్మ రేపటికల్లా కావాలని రీక్కా ఫోన్ చేసింది. ఓస్మో అప్పటికే బూట్లు వేసుకుంటున్నాడు.

"అయిపోయినట్టేనా?"

"అయిపోయినట్టే. రేపొద్దున నిన్ను మళ్లీ అందులో కలిపేస్తే చాలు."

"ఇప్పుడెక్కడున్నాను మరి?"

"చెరిగిపోకుండా పక్కన పెట్టాను."

ఓస్మోకి నవ్వొచ్చింది. "దుమ్ము పడనీకు," అని టోపీ పెట్టుకుని వెళ్లాడు. కలపడానికి ఒక్క క్షణం చాలు. కైసు కళ్లు మండుతున్నాయి, భుజం లాగేస్తోంది. పలక మూసేసింది.

మర్నాడు పది దాటింది. పదిన్నర అయింది. కైసు కోటు తొడుక్కుని బయటికి వచ్చింది. మెట్ల దగ్గర్నుంచి అన్న బూట్ల గుర్తులు మొదలయ్యాయి. మడమలే కాదు, అడుగులు పూర్తిగా, లోతుగా, అట్ట కింద గళ్లతో సహా పడ్డాయి. గేటు దాటాయి, రోడ్డు సగం దాకా వెళ్లాయి. అక్కడితో సరి. ఆ తర్వాత మంచు ఎవరూ ముట్టుకోనట్టు నున్నగా ఉంది. వెనక కారు హారన్ కొట్టేదాకా కైసు అక్కడే నిలబడింది.

ఇంట్లోకి వచ్చేసరికి వంటింట్లో దీపం వెలుగుతోంది. కిటికీ పక్క కుర్చీ ఖాళీగా ఉంది. కుర్చీ వెనక గోడ మీద, నేల మీద, వెడల్పాటి భుజాలతో ఓస్మో నీడ ఉంది. బల్ల అంచు, కప్పు పెదవి, కిటికీ గట్టు లేత నారింజరంగులో ఉన్నాయి. అక్కడ ఆ రంగు వస్తువేదీ లేదు.

కైసు పలక తెరిచింది. అన్న విడి పొర మీద నిక్షేపంగా ఉన్నాడు, చెంప మీద నీలంతో, చేతి మీద పసుపుతో. గదిలో కలిపింది. విడదీసి మళ్లీ కలిపింది. మధ్యాహ్నం దాకా అదే పని చేసింది. ఎన్నిసార్లు కలిపినా ఆ చేపలమ్మే మనిషిలాగే పైపైన నిలబడ్డాడు. అతనికి ఉన్నదంతా గది తీసేసుకుంది. అది వెనక్కి లాగే ఉపాయం ఆమెకి తెలియదు, తెలిసినవాళ్లు ఎవరూ లేరు. చివరికి చూడలేక ఆ పొరని కనబడకుండా చేసి, బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది.

సాయంత్రం సిర్పా వచ్చింది. ఖాళీ కుర్చీ మీది గాలిలో చెయ్యి పెట్టింది. ఆ నీడ పడి చెయ్యి నల్లబడింది.

"మా ఆయన ఇంత కూడా ఉంచలేదే," అంది. చాలాసేపు ఆ చెయ్యి తీయలేదు.

కంపెనీ బొమ్మలన్నీ అందరూ చూడగలిగే ఒకే చోట దాస్తారు. గడువు దాటినా కైసు ఏమీ పంపకపోయేసరికి రీక్కా తనే తెరిచి చూసుకుంది. మర్నాడు ఫోన్లో ఆమె గొంతు మారిపోయింది. తన పదేళ్లలో ఇలాంటి పని చూడలేదంది. కొత్త ఏడాది నుంచి ముఖ్యమైన బొమ్మలన్నీ కైసువేనంది.

"కుర్చీ ఖాళీ. అయినా గదినిండా మనిషే ఉన్నాడు. ఎలా చేశారు కైసు గారూ?"

"మనిషిని కూడా గీశాను. తర్వాత తీసేశాను."

 ఇదే పద్ధతి మిగతావాళ్లందరికీ నేర్పిస్తానంది రీక్కా.

"వద్దు," అంది కైసు. "ఇంకెవరిచేతా చేయించకు."

పనితనం దాచుకోవాలని అలా అంటోందనుకుని రీక్కా నవ్వింది, మీ రహస్యం మీ దగ్గరే ఉంచుకోండి అంది. కైసు అలాగేనని ఫోన్ పెట్టేసి, జనవరిలో గీయాల్సిన గదుల జాబితా తెరిచింది.