వినపడలేదు

‘వినలేదు’ అంటే తప్పు మనిషిది. ‘వినపడలేదు’ అంటే తప్పు ఎవరిదీ కాదు. గోడదో, తలుపుదో, తిరిగే ఫ్యానుదో. మధ్యలో ‘పడ’ అనే చిన్న ముక్క ఇరికిస్తే చాలు, మనిషి చేతులు దులుపుకుని ఇవతలికి వచ్చేయవచ్చు. మూడు నెలల కిందట పేస్టు మాస్టారు చేసిన పని సరిగ్గా అదే. అప్పటినుంచీ ఆ ముక్క అతని గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేడు, కక్కలేడు.

పేస్టు మాస్టారంటే బడిలో పాఠాలు చెప్పే మాస్టారు కాదు. కట్టబోయే ఇళ్ళు కట్టాక ఎలా ఉంటాయో కంప్యూటర్లో బొమ్మలు చేసి చూపించడం అతని వృత్తి. ఇంట్లోనే, ముందు గదిలో కూర్చుని చేస్తాడు. ఆ పేరు పెట్టింది కంప్యూటర్ల పిచ్చి ఉన్నవాళ్ళ గ్రూపు ఒకటి. ప్రాసెసర్ వేడెక్కకుండా దాని నెత్తిన కూలర్ బిగిస్తారు కదా, ఆ రెంటికీ మధ్య బూడిదరంగు పేస్టు కొంచెం పెడతారు. దాన్ని నడిమధ్య చుక్కగా పెట్టాలా, అంతటా పలచగా పూయాలా అని అతను ఆ గ్రూపులో ఏడాదిగా యుద్ధం చేస్తున్నాడు. చుక్క పక్షానికి నాయకుడు. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఏ కూలర్ కొనాలో చెప్పే ఈ పెద్దమనిషి, తన కంప్యూటర్లో మాత్రం దాంతోపాటు వచ్చిన బుల్లి ఫ్యానునే ఏళ్ళ తరబడి తిప్పుతున్నాడు. బొమ్మ తయారయ్యేటప్పుడు, అంటే రెండర్ నడిచేటప్పుడు, అది ఇల్లంతా రొద పెడుతుంది. మిగతా వేళల్లో ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, అసలు గొడవంతా ఇక్కడే ఉంది.

ఆ రోజు మధ్యాహ్నం రెండర్ నడవడం లేదు. భార్య ఆసుపత్రి ల్యాబులో పనికి వెళ్ళింది. ఇంట్లో అతనూ, అక్కా ఉన్నారు. అక్క అతనికన్నా పన్నెండేళ్ళు పెద్దది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పాతికేళ్ళు ఆపరేటరుగా చేసింది. అతను బడిలో చదువుకునే రోజుల్లో ఒకసారి జ్వరం వచ్చి, హెడ్‌మాస్టరు గదిలోంచి ఫోన్ చేసి ‘అక్కా’ అన్నాడు. అంతే, ఇంకో మాట అనలేదు. పావుగంటలో ఆమె బడి గేటు దగ్గర ఉంది. డ్యూటీ మధ్యలో లేచి వచ్చినందుకు మర్నాడు మెమో ఇచ్చారు. అలాంటి అక్క ఇప్పుడు రోజుకి పదిసార్లు పిలుస్తుంది. సీసా మూత రావడం లేదనీ, ఫోన్ చార్జర్ ఎక్కడ పెట్టావనీ పిలుస్తుంది. అటక మీది ఊలు డబ్బా దింపి పెట్టరా అని ఆ రోజు పొద్దుటినుంచి మూడోసారి అడిగింది. అతను మూడుసార్లూ ‘ఇదిగో వస్తున్నా’ అన్నాడు.

మధ్యాహ్నం వెనక గదిలోంచి ఏదో పడిన చప్పుడైంది. ఆ వెంటనే పిలుపు వచ్చింది. ‘తమ్ముడూ.’

అతని వేళ్ళు కీబోర్డు మీద ఆగాయి. గ్రూపులో పూత పక్షంవాడొకడు, ముక్కూమొహం తెలియనివాడు, చుక్క పెట్టేవాళ్ళకి బుర్ర లేదన్నాడు. వాడికి జవాబు సగం రాసి ఉంది. స్టూలో, డబ్బానో కిందపడి ఉంటుంది, ఈ నాలుగు ముక్కలూ రాసేసి వెళ్దాం అనుకున్నాడు. వేళ్ళు మళ్ళీ కదిలాయి. పిలుపు ఇంకో రెండుసార్లు వచ్చింది, రెండోది కాస్త సన్నగా. తర్వాత రాలేదు. రాకపోయేసరికి, పని అయిపోయి ఉంటుందిలే అని సమాధానం చెప్పుకున్నాడు. నాలుగు ముక్కలు నలభై నిమిషాలయ్యాయి. వాడి నోరు మూయించి, విజయగర్వంతో మంచినీళ్ళకని లేచి వెళ్ళాడు. వెనక గది గడపలో అక్క గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. స్టూలు బోర్లా పడి ఉంది. చీలమండ వాచిపోయింది. కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని, మొహమంతా చెమటలు పట్టి, అతన్ని చూసింది. ఏమీ అడగలేదు. అడగకుండానే అతని నోట్లోంచి వచ్చేసింది, ‘ఫ్యాన్ మోతలో వినపడలేదక్కా’ అని.

డాక్టరు చెప్పింది వింటూంటే అతని తల కొట్టేసినట్టయింది. పడ్డప్పుడు మణికట్టు దగ్గర ఎముక చిట్లిందట, అంతవరకే అయితే కట్టుతో పోయేదట. ఆ చేతినే నేలకి ఆనించి బరువంతా వేసి లేవబోయింది, అప్పుడు ఎముక పక్కకి జరిగింది. ‘పక్కన ఎవరైనా ఉండి లేపితే ఆపరేషన్ దాకా వచ్చేది కాదు,’ అన్నాడాయన. ఉన్నాడయ్యా, పక్కగదిలోనే ఉన్నాడు, పేస్టు గురించి పోట్లాడుతూ. ఆ మాట చెప్పడానికి నోరు పెగిలితేగా. భార్య కోపమంతా ఫ్యాను మీదికి పోయింది. ఆ డొక్కుదాన్ని తీసి అవతల పారేయమని ఆసుపత్రి వరండాలోనే అరిచింది. అతను తల వంచుకుని, సరేనన్నాడు. ఫ్యానుకి నోరు లేదు కాబట్టి బతికిపోయాడు.

కట్టు విప్పాక కూడా అక్క వేళ్ళు పూర్తిగా ముడుచుకోలేదు. చూపుడువేలు బొటనవేలి దాకా వెళ్ళి, అందకుండా ఆగిపోతుంది. రబ్బరు బంతి ఒకటి ఇచ్చి రోజూ నొక్కమన్నారు. ఆమె టీవీ ముందు కూర్చుని నొక్కుతూ ఉంటే అతను అటు చూడలేక ఇంకో గదిలోకి వెళ్ళేవాడు. చెప్పేద్దామని ఎన్నోసార్లు ఆమె గది గుమ్మం దాకా వెళ్ళాడు. తీరా వెళ్ళి, కాఫీ తాగావా అక్కా అనో, బంతి నొక్కావా అనో అడిగి వచ్చేసేవాడు.

ఇలా ఉండగా ఒక ఉదయం అక్కే అంది, నీ కంప్యూటరుకి మోత లేని కూలరొకటి కొనిపెడతాను, పద అని. అతను ఇప్పుడెందుకన్నాడు, తర్వాత చూద్దామన్నాడు, మంచిది కొనాలంటే చదవాల్సింది చాలా ఉందన్నాడు. ‘వదిన తనంతట తాను కొనిపెడతానంటే మీకేం రోగం?’ అంది భార్య. కూలర్ల గురించి నిద్రలో లేపి అడిగినా చెప్పే మనిషి, ఏది కొనాలో తెలియదని అబద్ధం ఆడితే ఎవరు నమ్ముతారు. నోరు మూసుకుని కంప్యూటర్ క్యాబినెట్ వైర్లు ఊడదీసి, దాన్ని దుప్పట్లో చుట్టి కారెక్కించాడు.

షాపాయన సన్నగా, పొడుగ్గా ఉంటాడు, స్క్రూడ్రైవర్ని పెన్నులా చెవి మీద పెట్టుకుంటాడు. విషయమంతా అక్కే చెప్పింది. ‘పడిపోయి పిలిస్తే మావాడికి వినపడలేదండీ, ఈ ఫ్యాన్ మోతకి,’ అంది. షాపాయన అయ్యో అని, క్యాబినెట్ పక్క రేకు విప్పి, వైరు తగిలించి ఆన్ చేశాడు. ఫ్యాను తిరిగింది. ముగ్గురూ విన్నారు. వినడానికి అక్కడ పెద్దగా ఏమీ లేదు.

‘ఇంతేనా సార్?’ అన్నాడు షాపాయన.

రెండర్ నడిచేటప్పుడు పెరుగుతుందని చెప్పాడు అతను. మరి ఆ రోజు రెండర్ నడుస్తోందా అని షాపాయన మామూలుగానే అడిగాడు. నడుస్తోందన్నాడు అతను. మొదటి అబద్ధం కంగారులో జారింది, సరే. రెండోది నిదానంగా, కళ్ళు తెరిచి చెప్పాడు. అక్క అప్పుడు అద్దాల బీరువాలోని డబ్బాలు చూస్తోంది, ఇటు తిరగలేదు.

ఆ తర్వాత ఆమె కూలర్లు ఎంచిన తీరు చూసి షాపాయన ముక్కున వేలేసుకున్నాడు. అంకెలు వద్దు, తిప్పి వినిపించండి అంది. స్టూలు వేయించుకుని కూర్చుని, కళ్ళు మూసుకుంది. మొదటిది చిన్నది, ఒకటే ఫ్యాను. వేగం పెంచగానే ‘ఈల వేస్తోంది’ అని తీసేయించింది. రెండోది నీళ్ళతో చల్లబరిచేది, మెరిసిపోయే లైట్లు, ఖరీదులో షాపుకే పెద్దది. ఒక నిమిషం విని, ‘దీని కడుపులో ఏదో గుడగుడలాడుతోంది, అజీర్తి కాబోలు’ అంది. షాపాయన నవ్వాడు. మూడోది జానెడు ఎత్తున రేకుల గుత్తిలా ఉంది, రెండు వైపులా రెండు పెద్ద ఫ్యాన్లు. పెద్ద రెక్కలు కాబట్టి మెల్లగా తిరిగినా గాలి సరిపోతుంది, మెల్లగా తిరుగుతుంది కాబట్టి మోత ఉండదు. ఈ పాఠం పేస్టు మాస్టారు గ్రూపులో వందమందికి చెప్పి ఉంటాడు. అక్క ఎడమ చెయ్యి దాని ముందు పెట్టింది. గాలి తగిలింది. చెవి దగ్గర పెట్టి చాలాసేపు వింది.

‘దీంట్లో ఎవరు పిలిచినా వినపడుతుంది,’ అంది. ‘ఇది ఇవ్వండి.’

క్యాబినెట్లో పడుతుందా అని అతను ఆఖరి ఆశతో అడిగాడు. షాపాయన స్కేలు పెట్టి కొలిచి, రేకు మూయడానికి వేలెడు సందు కూడా మిగులుతుందన్నాడు. తనే బిగించి ఇస్తానన్నాడు కూడా. అక్క వద్దంది. ‘మావాడు బిగిస్తాడు. పేస్టు పెట్టడంలో వాడికి పెద్ద పేరుంది,’ అంది. మెచ్చుకుందో, ఎత్తిపొడిచిందో ఇంటిదాకా ఆలోచించినా అతనికి అంతుపట్టలేదు.

ఇంటికొచ్చి పాత ఫ్యాను విప్పాడు. రెక్కల సందుల్లో దుమ్ము పేరుకుని ఉంది. చేయని తప్పుకి శిక్ష పడిన దాన్ని చేతిలో పట్టుకుని కాసేపు కూర్చున్నాడు. ఎండిపోయిన పేస్టు తుడిచాడు. కొత్త పేస్టు గొట్టం తీసి ప్రాసెసర్ మధ్యలో నొక్కాడు. బఠాణీ గింజంత చుక్క. దీనికోసమా, అనిపించింది. ఈ పాటి దానికోసమా అక్కని నలభై నిమిషాలు నేల మీద వదిలేశాను అనుకునేసరికి కళ్ళు చెమర్చాయి, స్క్రూ కనపడక రెండుసార్లు జారింది.

నాలుగు స్క్రూలూ బిగించి ఆన్ చేశాడు. వెలుగొచ్చింది, చప్పుడు లేదు. పెద్ద బొమ్మ ఒకటి తెరిచి రెండర్ పెట్టాడు. అయినా చప్పుడు లేదు. ఇప్పుడు వంటింట్లో కుళాయి చుక్కలు, వీధిలో ఎవరిదో సైకిల్ గంట, వెనక గదిలో అక్క చెప్పుల చప్పుడు అన్నీ విడివిడిగా వినపడుతున్నాయి. దాక్కోవడానికి ఇంట్లో ఇక ఏ మోతా మిగల్లేదు.

‘తమ్ముడూ,’ అని పిలుపు వచ్చింది. గట్టిగా కాదు, మామూలుగా. ‘వినపడుతోందా?’

అతను లేచి వెళ్ళాడు. ఆమె ఆ గడప దగ్గరే, గోడకి ఆనుకుని నిలబడి ఉంది.

‘ఆ రోజు కూడా వినపడిందక్కా,’ అన్నాడు. ‘మూడుసార్లూ వినపడింది.’

‘తెలుసురా.’

ఆమె ఎడమ చేత్తో తన చెవి చూపించింది.

‘పాతికేళ్ళు హెడ్‌ఫోన్ పెట్టుకున్న చెవులివి,’ అంది. ‘నీ కీబోర్డు టకటక ఇక్కడికి వినపడుతూనే ఉంది. పిలవగానే ఆగింది. అమ్మయ్య, వస్తున్నాడు అనుకుని కదలకుండా కూర్చున్నా. తర్వాత మళ్ళీ మొదలైంది. ఇంకో రెండుసార్లు పిలిచి చూశా, అది ఆగలేదు. ఇక రాడులే అని, అప్పుడు చెయ్యి ఆనించి లేవబోయా.’

డాక్టరు చెప్పిన రెండో ముక్క అదన్నమాట. ఎముక పక్కకి జరిగింది అతని టకటక మళ్ళీ మొదలయ్యాక. అతను గడప మీదే కూలబడ్డాడు. క్షమించమని అడగడానికి కూడా ముఖం చెల్లలేదు.

‘తెలిసీ మరి ఆ కూలరెందుకు కొన్నావక్కా?’ అన్నాడు.

‘మూడు నెలలు చూశా, నువ్వే చెప్తావని. చెప్పలేదు. సరే, ఇంకోసారి వినపడలేదని అనడానికి వీల్లేకుండా చేద్దామనుకున్నా.’ ఆమె గొంతులో కోపం ఉంది, దాచుకోలేదు. ‘షాపులో కూడా అబద్ధమే చెప్పావు. అప్పుడు మాత్రం నాకు ఏడుపొచ్చింది.’

అతను ఏడ్చాడు. ఆమె ఓదార్చలేదు. అతని ఏడుపు తగ్గేదాకా నిలబడి, తర్వాత పైకి చూపించింది. అటక మీద ఊలు డబ్బా ఇంకా అలాగే ఉంది. మూడు నెలలుగా ఆ గదిలోకి వస్తూ పోతూ కూడా అతను దాన్ని దింపలేదు.

‘ఇప్పుడైనా దింపు,’ అంది.

స్టూలెక్కి దింపాడు. మంచం మీద పెట్టి మూత తీశాడు. అక్క ఊలు ఉండల మధ్య నుంచి ఒక సూది తీసి కుడి చేతిలో పెట్టుకుంది. చూపుడువేలు బొటనవేలి దాకా వెళ్ళి ఆగిపోయింది. సూది జారి నేల మీద పడింది. చప్పుడు లేని ఆ ఇంట్లో అది ఇద్దరికీ బాగా వినపడింది.

అతను వంగి తీసి ఇచ్చాడు. మళ్ళీ జారింది. మళ్ళీ తీసి ఇచ్చాడు. ముందు గదిలో గ్రూపువాళ్ళ మెసేజీలు ఒకదాని వెనక ఒకటి టింగుమంటున్నాయి, పూత పక్షంవాళ్ళు మళ్ళీ ఏదో మొదలుపెట్టినట్టున్నారు. అతను లేవలేదు. సాయంత్రం భార్య తలుపు తీసుకుని వచ్చేసరికి కూడా నేల మీదే కూర్చుని ఉన్నాడు, సూది ఎప్పుడు పడుతుందా అని అక్క చేతినే చూస్తూ.