మూలన కూర్చున్న రాజు

కొత్తపేట మలుపులో స్కూటీ జారి శివమ్మ కాలు విరిగింది. ఎల్బీనగర్ దవాఖానలో కట్టు కట్టి, మంచం దిగొద్దని చెప్పి పంపారు. ఇంటినీ కాలనీ సంఘాన్నీ ఒంటిచేత్తో నడిపే మనిషికి కిటికీ, అందులోంచి కనిపించే ఆకాశం తప్ప ఏమీ మిగల్లేదు. నాదర్‌గుల్ నుంచి లేచిన శిక్షణ విమానాలు అక్కడ గిరగిరా తిరుగుతుంటే, నొప్పి మాత్రల మత్తులో ఆమె కళ్ళు మూతపడేవి.

పై వాటాలో కిరాయికుండే వేదవతి ఒక మధ్యాహ్నం వచ్చి, ఆమె ఫోన్లో చదరంగం పెట్టింది. గుంటూరు పిల్ల, దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతుంది.

“మీరిక్కడ ఎత్తు వేస్తే, ఎక్కడో ఉన్న మనిషి అక్కణ్ణుంచి జవాబు వేస్తారు ఆంటీ.”

“నేనెవరో ఆళ్ళకు తెల్వదా?”

“తెలీదండి.”

“గట్లయితే మంచిదే. ఓడినా ఇజ్జత్ పోదు.”

ఓడింది, బాగా ఓడింది. ఆట మొదలైందో లేదో మంత్రిని బయటికి లాగి, కనబడ్డ ప్రతి బంటు మీదికీ ఉరికించేది. రాజును మాత్రం మూలన కూర్చోబెట్టి చుట్టూ కాపలా పెట్టేది. అవతలి గుర్రం ఒక్క దూకు దూకితే మంత్రి పోయేది. మంత్రి పోగానే శివమ్మ ఆట వదిలేసేది. గెలుపోటములను బట్టి ఫోన్ ఇచ్చే రేటింగ్ జారి జారి నాలుగు వందల దగ్గర కూలబడింది.

“మంత్రే పోతే ఇంకేముంటది బిడ్డా?”

“రాజున్నాడుగా! చివర్లో ఆయన కూడా నడవాలండి. మీరు ఆయన్ని అసలు లేవనివ్వట్లేదు,” అని నవ్వింది వేదవతి.

ఆ సాయంత్రమో మర్నాడో, ఆ మత్తులో పొద్దులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయేవి, శివమ్మకు కల వచ్చింది. సరూర్‌నగర్ చెరువు నీళ్ళు నలుపూ తెలుపూ గళ్ళుగా గట్టిపడ్డాయి. ఒంటెలు ఐమూలగా పెద్దరోడ్డు దాటుతున్నాయి. ఒక్క బండీ హారన్ కొట్టడం లేదు. తను ఒక్కో గడి దాటుకుంటూ చెరువు నడిమధ్యకు వెళుతోంది. నొప్పి లేదు, తొందర లేదు. మెలకువ వచ్చాక కూడా చాలాసేపు అరికాలికి చల్లగా తగులుతూనే ఉంది.

ఆ కల మెల్లగా ఆటలోకి దిగింది. బంట్లు ఒకదాని చేయి ఒకటి పట్టుకున్నట్టు సాగేవి. మంత్రికి మంత్రి పోయినా ఆమె ఇప్పుడు కంగారుపడేది కాదు. బలగం పలచబడగానే రాజును బయటికి తీసి, నింపాదిగా నడిపించేది. అవతలివాళ్ళు ఆత్రపడి తప్పు చేసేవారు. మంచం మీది మనిషికి ఆత్రం దేనికి?

ఒకరోజు ఆమె బంటు ఆఖరి వరుస చేరింది. పట్టలేని సంబరంతో భర్త జనార్ధన్‌కు ఫోన్ చేసింది.

“నా బంటు మంత్రయిండు!”

తుర్కయంజాల్‌లో ఎవరికో ప్లాటు చూపిస్తున్న జనార్ధన్, “ఏ పార్టీల?” అన్నాడు.

రేటింగ్ తొమ్మిది వందలు దాటేసరికి కట్టు విప్పారు. ఎముక అతికింది, ఇక నడవమన్నారు డాక్టర్. శివమ్మ మాత్రం చేతికర్ర వదల్లేదు, గోడ వదల్లేదు. నేల చూస్తే చాలు, కొత్తపేట మలుపే గుర్తొచ్చేది.

ఆదివారం వేదవతి చెక్క చదరంగం తెచ్చి వరండాలో పరిచింది. శివమ్మ ధీమాగా కూర్చుంది గానీ, నాలుగు ఎత్తులకే తికమక పడింది. ఫోన్లో అంతా పైనుంచి కనిపించేది. ఇక్కడ ఒకదాని చాటున ఒకటి నక్కి ఉన్నాయి.

“ఆగు బిడ్డా, గీ ఒంటె ఏడికెళ్ళి ఒచ్చింది?”

“మొదట్నుంచీ అక్కడే ఉందండి, గుర్రం వెనకాల.”

శివమ్మ బల్ల పట్టుకుని లేచింది. వంగి పైనుంచి చూసింది. అయినా తృప్తి కలగక, అవతలి వైపు నుంచి ఎట్లా కనిపిస్తుందోనని బల్ల చుట్టూ తిరిగి వేదవతి భుజం పక్కకు వచ్చి నిలబడింది. చేతికర్ర కుర్చీకి ఆనించినచోటే ఉంది. వేదవతి దాన్ని చూసింది, ఆమె కాళ్ళను చూసింది. కావాలనే తన ఎత్తు ఆలస్యం చేసింది.

ఆ ఆట శివమ్మ ఓడిపోయింది.

“కూర్చోండి ఆంటీ, కాలు లాగుతుంది.”

“లాగనీ. ఇంకోటి పెట్టు. ఈసారి నల్లయి నాకియ్యి.”