ఏడో నంబరు తోపు

పదకొండేళ్ళు అక్క వినేది, నేను రాసేదాన్ని. పక్షుల సంఘం వాళ్ళు మా ఇద్దరికీ అప్పగించిన చోటు ఏడో నంబరు తోపు, మూతపడ్డ నూలు మిల్లు వెనకాల. ఏడాదికొక రాత్రి అక్కడ గుడ్లగూబల్ని లెక్కపెట్టాలి. జీతమా, భత్యమా? అక్కకి పిచ్చి. ఆ పిచ్చి నాకూ అంటించి, మొన్న వానల్లో తను చక్కగా పైకి వెళ్ళిపోయింది. ఎంత కోపమో నాకు ఆవిడ మీద!

సంఘం కార్యదర్శి ముందే ఫోన్ చేశాడు.

"అమ్మా, ఈ ఏడాది గుడ్లగూబల జంట లేదని తేలితే ఆ తోపుని జాబితాలోంచి తీసేస్తారు. ఇక అక్కడ లెక్క ఉండదు."

లెక్క లేకపోతే నాకక్కడ పనేముంది? అక్కతో కూర్చున్న చోటు అదొక్కటే మిగిలింది.

లెక్క రోజు రాత్రి తోపులో మడతకుర్చీ వేసుకుని ఒక్కదాన్నే కూర్చున్నాను. కాసేపటికి తూర్పుగోడ దగ్గర ఒకటి అరిచింది. టార్చి వేసి, కాగితం మీద గీత గీశాను. తలెత్తేసరికి పడమటి చెట్లలో అరుపు. నాకు ప్రాణం లేచొచ్చింది. రెండో గీత కూడా గీసేశాను.

అప్పుడు గుర్తొచ్చింది. రెండూ ఒకేసారి అరిస్తేనే రెండని రాయాలి. నేను కాగితం మీదకి వంగినప్పుడు మొదటిదే తోపు దాటి ఉండొచ్చు. పక్కన ఇంకో మనిషుంటే ఈ తంటా ఉండేది కాదు.

ఇక పెన్ను ముట్టకుండా తెల్లవార్లూ విన్నాను. తూర్పున అరిస్తే పడమర చప్పుడు లేదు. పడమర అరిస్తే తూర్పున లేదు. "ఒక్కసారి కలిసి అరవండే, మీకు పుణ్యముంటుంది" అని బతిమాలాను కూడా.

వెలుగొచ్చాక కార్యదర్శికి ఫోన్ చేశాను.

"రెండు చోట్లా విన్నారు కదమ్మా, రెండని రాసేయండి. ఎవరు చూడొచ్చారు?"

నిజమే, ఎవరూ చూడరు. రాస్తే తోపు నిలుస్తుంది, వచ్చే ఏడు నేనూ వస్తాను. రాసేద్దామనే అనిపించింది. కానీ రాత్రంతా విన్నది నేను.

"ఒకటే," అన్నాను.

"అంత గట్టిగా ఎలా చెప్తున్నారు?"

"ఇటొచ్చి పిలుస్తుంది, కాసేపు ఆగుతుంది, అటెళ్ళి పిలుస్తుంది. నేనూ ఇంట్లో అంతే కదయ్యా. వంటింట్లోంచి ఒకసారి, ముందుగదిలోంచి ఒకసారి, 'అక్కా' అని."

నేను రెండో గీత కొట్టేశాను.